కేబుల్ అవతలి చివర మనిషి

మా అమ్మాయి రాయచూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. ఎక్కడైనా సెమినార్ ఉంటే ముందు ఇంట్లో నా మీద ప్రయోగం చేస్తుంది. నాకు అర్థమైతే ఇంకెవరికైనా అర్థమవుతుందని దాని ధీమా. కరెంటు కేంద్రంలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన వాడికి ఆ మాత్రం గౌరవం ఇచ్చేవాళ్లు కూడా ఈ రోజుల్లో ఎవరున్నారని, నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చుంటాను.

ఈమధ్య ఒక సాయంత్రం భోజనాల బల్ల మీద పాత క్యాలెండరు కాగితం బోర్లించి, దాని మీద ఒక గీత గీసింది. ఎడమ నుంచి కుడికి మెల్లగా పైకెక్కే గీత. ఇది ఒక దేశపు ఉత్పత్తి అనుకోమంది. మధ్యలో ఒకచోట గీతను కిందికి లాగింది. ఇక్కడ ఏదో దెబ్బ తగిలింది, చమురు ధరో, బ్యాంకుల గొడవో, ఏదైతేనేం అంది. పాత మోడళ్ల ప్రకారం ఆ కారణం తొలగిపోతే గీత తన పాత దారికి వచ్చేయాలట. రావడంలో ఆలస్యం జరగొచ్చు. ఆ ఆలస్యానికి పెర్సిస్టెన్స్ అని పేరు. ఆలస్యమైనా వస్తుంది, అదే ముఖ్యం. కానీ తీరా లెక్కలు ముందేసుకుని చూస్తే చాలాచోట్ల గీత పాత దారికి రానే లేదట. మళ్లీ పైకెక్కింది గాని, ఒక మెట్టు కిందనే ఉండి, పాత దారి పక్కనే నడుచుకుంటూ పోయింది. కారణం పోయింది, ఫలితం ఉండిపోయింది. దీన్ని హిస్టెరెసిస్ అంటారని చెప్పి నా మొహంలోకి చూసింది.

నాకు నవ్వొచ్చింది. ఆ మాట మాది, మీవాళ్లు ఎప్పుడు ఎత్తుకెళ్లారని అడిగాను. ఐటీఐలో మాకు చెప్పిన మొదటి పాఠాల్లో అదొకటి. ఇనప ముక్క చుట్టూ తీగ చుట్టి కరెంటు పంపితే అది అయస్కాంతం అవుతుంది. కరెంటు ఆపేసినా ఆ గుణం మొత్తం పోదు, కొంత ఇనుములో మిగిలిపోతుంది. అది పోవాలంటే ఊరికే స్విచ్చి ఆపితే చాలదు, ఎదురు దిశలో కరెంటు పంపాలి. అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. తమవాళ్లు కూడా సరిగ్గా ఇందుకే ఆ మాట తీసుకున్నారని, తమ దగ్గర ఇనుము బదులు మనుషులుంటారని చెప్పింది.

తర్వాత ఆ మనుషుల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పని కొన్నాళ్లు ఆగిపోతుంది. కొందరు ఇంటికి పోతారు. పని మళ్లీ మొదలయ్యేసరికి లోపల ఉన్నవాళ్లు తమలో తాము అన్నీ సర్దుకుని ఉంటారు. బయట ఉన్నవాడి చేతికి అలవాటు తప్పుతుంది. తప్పకపోయినా, ఇన్నాళ్లు ఖాళీగా ఎందుకున్నాడని పని ఇచ్చేవాడికి అనుమానం వస్తుంది. కొన్నిసార్లు తిరిగి తిరిగి ఆ మనిషి వెతకడం మానేస్తాడు. సర్వేకి వచ్చినవాళ్లు పని వెతుకుతున్నవాడినే నిరుద్యోగి అని రాసుకుంటారు కాబట్టి, వెతకడం మానగానే అతను ఆ లెక్కలోంచి కూడా జారిపోతాడు.

అది చెప్పుకుపోతోంది గాని నాకు వినపడటం మానేసింది. నేను ఒక మనిషి గురించి ఆలోచిస్తున్నాను. యరగేర దగ్గరి పల్లె మనిషి. ప్రతి ఏడూ జొన్న కోతలయ్యాక ఒక సంచీ జొన్నలు భుజాన వేసుకుని మా ఇంటికి వస్తాడు. ఈ ఏడు రాలేదు. కోతలై నెలలు గడిచాయి. రాలేదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. 

మేమిద్దరం థర్మల్ కరెంటు కేంద్రం కట్టే రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రికల్ హెల్పర్లం. నేను గుంటూరు వైపు నుంచి, తెలిసినవాళ్ల మాట పట్టుకుని, ఒక ట్రంకు పెట్టెతో వచ్చి పడ్డాను. నాకు ఈ మట్టి తెలియదు, ఎండ తెలియదు, కన్నడం ఒక్క ముక్క రాదు. ఆయన ఇక్కడివాడే. పనిలో మమ్మల్ని జతలుగా వేసేవారు. కేబుల్ పని జత లేకుండా జరగదు. ఒక కేబుల్లో బోలెడన్ని తీగలుంటాయి, ఒక కొన బాయిలరు దగ్గర ఉంటే ఇంకో కొన ఎక్కడో కంట్రోల్ రూములో ఉంటుంది. ఏ తీగ ఏదో పోల్చుకోవడానికి రెండు చివరలా ఇద్దరు కూర్చుని, పాత టెలిఫోను రిసీవర్లు రెండు తగిలించుకుని, ఒక్కొక్క తీగనే పట్టి చూసుకోవాలి. అలా నేను ఆయన్ని చూసినదానికన్నా విన్నదే ఎక్కువ. రోజంతా నా చెవిలో ఆయన గొంతే.

ఆ గొంతు మూడు భాషల్లో మాట్లాడేది. మేస్త్రితో కన్నడం, నాతో తెలుగు, కేబుల్‌తో ఉర్దూ. తీగ దొరక్కపోతే దాన్ని ఎంత మర్యాదగా తిట్టేవాడంటే, ఆ తిట్లు విని నేను ఉర్దూ అంటే గొప్ప నాజూకు భాష అనుకున్నాను. తర్వాత అర్థాలు తెలిశాక చాలా రోజులు నవ్వుకున్నాను. తీగ దొరికిందంటే మాత్రం ఏ భాషా ఉండేది కాదు, గొంతు లోపల చిన్నగా ఒక హమ్ అనే చప్పుడు, తర్వాతి తీగకి వెళ్లిపోయేవాడు.

కంట్రోల్ రూములోకి వెళ్లేముందు బూట్లు గుమ్మం బయట విప్పేసేవాడు. ఎలక్ట్రికల్ పనిలో బూట్లు విప్పడమంటే ప్రాణం విప్పి పక్కన పెట్టడమే. సేఫ్టీ ఆఫీసరు పట్టుకుని చీవాట్లు పెట్టాడు. ఈయన తల వంచుకుని అన్నీ విని, మర్నాడు మళ్లీ బయటే విప్పాడు. నేల అద్దంలా మెరుస్తుంటే బూటుకాళ్లతో తొక్కబుద్ధి కావడం లేదన్నాడు. నవ్వితే అరచేయి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. తీగ ముట్టుకోవాల్సి వస్తే చేయి వెనక్కి తిప్పి, వేళ్ల వెనక భాగంతో తాకేవాడు. పాత లైన్‌మెన్ల అలవాటు అది. షాకు కొడితే పిడికిలి బిగుసుకుని తీగకి అతుక్కుపోకుండా ఉంటుందని.

అన్నిటికన్నా నాకు గుర్తున్నది ఆయన మర్యాద. నేను పరాయి ఊరి నుంచి వచ్చినవాడినని ఆయన ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. నా పేరు పిలవడం మానేసి గుంటూరన్నా అనేవాడు. మేముండే రేకుల షెడ్డు ముందు కుళాయి దగ్గర నేను మొహం కడుక్కున్నాకే తాను చేయి పెట్టేవాడు. బస్సులో ఒక్క సీటు ఖాళీ ఉంటే దాని మీద తన టవలు విసిరి నన్ను తోసి కూర్చోబెట్టేవాడు. టీ కొట్టు దగ్గర నా చెయ్యి జేబులోకి పోనిచ్చేవాడు కాదు. ఇదేమిటయ్యా, నేనేమన్నా కొత్తల్లుడినా అని నేను విసుక్కుంటే, ఎప్పుడూ ఒకటే జవాబు. మా సీమకొచ్చినోడివి నువ్వు. ఒకసారి నాకు జ్వరం తగిలితే తన ఊరికి తీసుకుపోయాడు. వాళ్లమ్మ జొన్న రొట్టె మీద ఆకుకూర వేసి పెట్టింది. ఇది మా గోంగూరే కదా అన్నాను. పుంటికూర, నీ గుంటూర్ది కాదు అన్నాడు. జ్వరంలో కూడా ఆ విషయం మీద పొద్దుపోయేదాకా వాదించుకున్నాం.

అలా ఉండగా ఒకసారి కేబుల్ డ్రమ్ములు రావడం ఆగిపోయింది. ఎక్కడో ఫ్యాక్టరీలో ఏదో ఇబ్బంది. పెద్ద విషయం కాదు. ఇప్పుడు ఆ ఇబ్బంది ఏమిటో చెప్పగలిగినవాడు కూడా ఎవడూ మిగిలి ఉండడు. చేతిలో ఉన్న కేబులు సగం మందికే సరిపోతుందని మేస్త్రి వచ్చి చెప్పాడు. జతకి ఒకరు ఉండండి, ఒకరు ఇంటికి పోండి, డ్రమ్ములు రాగానే అందరినీ పిలుస్తాను, ఎవరు పోవాలో మీలో మీరే తేల్చుకోండి అన్నాడు. మంచివాడే మేస్త్రి. ఎవరి పొట్ట కొట్టడం ఇష్టం లేక ఆ మాట మా మీదికి వదిలేశాడు.

మిగతా జతల్లో కాసేపు గొణుగుడు నడిచింది. చీట్లు వేసుకున్నవాళ్లున్నారు. మా జతలో మాటే జరగలేదు. ఆయన అప్పటికే టవలు దులిపి భుజాన వేసుకుంటున్నాడు. "నువ్వుండు గుంటూరన్నా. నువ్వు యాడికి పోతవ్, నీ ఊరు ఈడనా ఆడనా. నాకు ఇల్లున్నది, బస్సెక్కితే ఇంట్ల పడ్త. జొన్న గూడ కోతకొచ్చింది. నాల్గు దినాల ముచ్చట, గంతే" అన్నాడు.

వద్దనలేదు నేను. వద్దనాలని తోచలేదు. కుళాయి దగ్గర ముందు నేను, బస్సులో సీటు నాకు, ఇదీ అలాగే అనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నాడు. ఇంటికొచ్చిన మనిషికి ముందు పెట్టడం తప్ప ఆయనకి ఇంకో పద్ధతి తెలియదు. బస్సులో సీటు, బతుకులో సీటు రెండూ ఒకటి కాదని ఆ వయసులో మా ఇద్దరికీ తెలియదు. ఊరట మాత్రం నాకు కలిగింది. ట్రంకు పెట్టె మోసుకుని మళ్లీ రైలెక్కక్కర్లేదన్న ఊరట. నాలుగు రోజుల కోసం మోయడం ఎందుకని ఆయన తన కటింగ్ ప్లయరూ, స్క్రూడ్రైవర్లూ మా ఇద్దరి పెట్టెలోనే వదిలేసి వెళ్లాడు.

డ్రమ్ములు రావడానికి నెలలు పట్టింది. వచ్చిననాడు లారీల మీద లారీలు వచ్చాయి. పై నుంచి తొందర మొదలైంది. పల్లెపల్లెకీ మనిషిని పంపి పాతవాళ్లను పిలిపించే ఓపిక ఎవరికీ లేక, ఇంకోచోట పని ముగించుకున్న ముఠాను లారీలోనే ఎక్కించి తెచ్చేశారు. ఆ వార్త ఎవరి నోటనో విని ఆయన తనంతట తానే వచ్చాడట. గేటు దగ్గర పాసు అడిగారు. పాత పాసు చెల్లదన్నారు. నేను ఆ సమయానికి ఎక్కడో పైన కేబుళ్లు పరిచే ట్రే మీద ఉన్నాను. ఆయన వచ్చి, నిలబడి, వెళ్లిపోయిన సంగతి సాయంత్రం టీ కొట్టువాడు చెబితే తెలిసింది. మేస్త్రిని అడిగాను. వచ్చే విడతలో చూద్దామన్నాడు. మళ్లీ అడిగాను. అదే చెప్పాడు. అంతలో ఆ మేస్త్రే ఇంకో చోటికి పోయాడు.

ఆ తర్వాత యూనిట్ నడవడం మొదలై, పని మీద ఉన్నవాళ్లను కేంద్రంలోకి తీసుకున్నారు. పని మీద ఉన్నది నేను. జీతం, క్వార్టరు, పిల్లకి స్కూలు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటికోసం నేను ఎవరినీ మోసం చేయలేదు, ఎవరి కాళ్లూ లాగలేదు. నా ఇబ్బంది అదే. తప్పు చేసినవాడు చెంపలేసుకుని తేలికపడొచ్చు. నాకు చెంపలేసుకోవడానికి తప్పంటూ ఒకటి దొరకలేదు. ఆయన నిలబడాల్సిన చోట నేను నిలబడి ఉన్నానన్న సిగ్గు మాత్రం జీతంతో పాటే నెలనెలా వచ్చేది.

చాలా ఏళ్లకు లోపల హెల్పర్ పోస్టులు కొన్ని పడ్డాయి. చుట్టుపక్కల వాళ్లకి వయసులో సడలింపు కూడా ఇచ్చారు. నేను కాగితాలు పట్టుకుని యరగేర బస్సెక్కాను. ఆయనకి ఇష్టం లేదు. పొలం ఉంది, గేదె ఉంది, ఇప్పుడెందుకన్నాడు. నేను పట్టు విడవలేదు. ఇన్నేళ్ల నా సిగ్గంతా ఆ ఒక్క రోజుతో కడిగేసుకోవాలని నా ఆత్రం. పరీక్ష రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చాడు. నేను డ్యూటీ మార్పించుకుని బయట బెంచీ మీద కూర్చున్నాను. పదో తరగతి పరీక్షకి అమ్మాయిని పంపినప్పుడు కూడా నేనంత కంగారు పడలేదు.

త్వరగానే బయటికి వచ్చాడు. పరీక్షకి కొత్త రకం స్విచ్చుల ప్యానెలు పెట్టారా అని అడిగాను. పెట్టారన్నాడు. కాస్త చూపిస్తే తీగలు పట్టగలనని చెప్పాడట. గొడవ అక్కడ రాలేదు. తర్వాత మాట ఆయన నోటితోనే చెప్పాలి. "పని గురించి ఎక్కువ అడుగలే అన్నా. ఇన్నేండ్లు యాడున్నవ్ అని అడిగిండ్రు. నాల్గు దినాలకని ఇంటికి పొమ్మన్నరు సార్, పిలుస్తరని చూసిన అని చెప్పిన. అందరు నవ్విండ్రు."

చెప్పి తనూ నవ్వబోయాడు. అరచేయి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే పెట్టుకుని, చివరికి మొహం తుడుచుకున్నాడు. లోపల ఇంటర్వ్యూ చేసి నవ్విన నలుగురూ చెడ్డవాళ్లు కారు. వాళ్లలో ఇద్దరు నాకు బాగా తెలిసినవాళ్లే. ఆ జవాబు ఇంకెవరు చెప్పినా బహుశా నేనూ నవ్వేవాణ్ణే. ఇప్పుడు అమ్మాయి చెప్పిన పాఠం విన్నాక, ఎదురు కరెంటు పంపాలంటే ఒక్క కాగితం, ఒక్క బెంచీ సరిపోవని అర్థమవుతోంది. అలా వెళ్లిపోయినవాళ్లను మళ్లీ లోపలికి లాక్కోవాలంటే పనులు పొంగిపొర్లి, మనుషులు దొరక్క యజమానులే వీధుల్లో వెతుక్కునే రోజులు రావాలని కొందరి వాదనట. అలాంటి రోజులు మా గేటు దగ్గర రాలేదు.

ఆ తర్వాత ఇంకోసారి ఏదో అవకాశం ఉందని చెబితే ఆయన మాట గేదె మీదికి మళ్లించాడు. మళ్లీ ఆ ఊసు నేనూ ఎత్తలేదు. ఊళ్లో చిన్నాచితకా మోటార్లు బాగుచేసేవాడు, సేద్యం చేసుకునేవాడు. ఏ సర్వేవాడు వచ్చి అడిగినా సేద్యం అనే చెప్పి ఉంటాడు. అందులో అబద్ధం లేదు.

మా ఇంటికి రావడం మాత్రం మానలేదు. ఏడాదికోసారి, కోతలయ్యాక, జొన్నల సంచీతో. వద్దంటే వినడు. గుంటూరోళ్లకి అన్నం తప్ప గతి లేదు, మా జొన్న తింటే గట్టిపడతవ్ అనేవాడు. క్వార్టర్లో కుర్చీ వేసినా గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చునేవాడు. మా ఆవిడ ఇచ్చిన టీ సాసరులో పోసుకుని, చల్లారేదాకా మాట్లాడకుండా ఉండి, తర్వాత అడగడం మొదలుపెట్టేవాడు. ఇప్పుడు ఏ యూనిట్ మీద వేశారు, షిఫ్టు మారిందా, ఈ ఏడు బూట్లు మంచివి ఇచ్చారా, కొత్త సాహెబు ఎట్లాంటోడు. ప్రమోషన్ వచ్చిందని తెలిసిన ఏడు నా యూనిఫాం చొక్కా తీగ మీద ఆరేసి ఉంటే దగ్గరికి వెళ్లి, భుజం మీది పట్టీని వేళ్ల వెనకతో తాకి చూశాడు.

ఆ ప్రశ్నలకు నేను సరిగ్గా జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఆయన ముందు నా ఉద్యోగాన్ని తిట్టడం అలవాటు చేసుకున్నాను. దరిద్రపు ఉద్యోగమయ్యా అనేవాణ్ణి. బూడిద తినడానికే పుట్టాం అనేవాణ్ణి. నిద్ర లేదు, విలువ లేదు, నీ పొలమే నయం, హాయిగా ఉన్నావని చెప్పేవాణ్ణి. తాను పోగొట్టుకున్నది పెద్దదేం కాదులే అని ఆయన అనుకుంటే ఆయనకి కాస్త ఊరటగా ఉంటుందని నా తెలివి. నిజానికి ఆ ఉద్యోగం నాకు ప్రాణం. తిట్టిన రోజు ఆయన మాటలు తగ్గిపోయేవి. సాసరు కిందపెట్టి, బస్సుందని లేచేవాడు. నా కష్టం విని జాలి పడుతున్నాడనుకునేవాణ్ణి.

ఇదంతా ఆ సాయంత్రం అమ్మాయికి చెప్పాను. మొదటిసారి చెప్పాను. అది క్యాలెండరు కాగితం మీద గీత కిందికి పడినచోట వేలు పెట్టింది. తర్వాత, "జొన్నల మామయ్యేనా నాన్నా? మీ ఫ్రెండు అనుకున్నాను గాని, ఇదంతా నాకు తెలీదు" అంది. పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా సెమినార్లో ఆయన సంగతి చెప్పొచ్చా అని అడిగింది. దేశాల గీతలు చూపిస్తే జనం తలాడించి మర్చిపోతారని, ఒక మనిషిని చెబితే గుర్తుంటుందని దాని ఉద్దేశం. నాకు కోపం వచ్చింది. ఇప్పటికే ఒకసారి గదిలో కూర్చున్నవాళ్లు ఆయన్ని చూసి నవ్వారు, మళ్లీ ఇంకో గదిలోకి తీసుకెళతావా అన్నాను. తర్వాత మెత్తబడి, ఆయన్నే అడిగి వస్తాను, సరేనంటే చెప్పుకో అన్నాను.

బస్సులో కూర్చుని ఆయనతో ఏమేం మాట్లాడాలో కూడగట్టుకున్నాను. నీకు జరిగింది నీ ఒక్కడికే జరగలేదయ్యా, పెద్ద పెద్ద దేశాల్లో జరిగింది, దానికి మన ఐటీఐ పాఠంలోని పేరే పెట్టారు, నీ చేతకానితనం కాదని పుస్తకాల్లోనే రాశారని చెప్పాలి. ఈసారి ఉద్యోగాన్ని తిట్టకుండా ఉండాలి. నాకు కుళాయి దగ్గర ముందు చోటిచ్చినవాడికి ఒక మంచి మాటైనా మోసుకెళ్తున్నానని కాస్త ఉత్సాహంగానే ఉంది. రిటైరయ్యాక ఆ ఊరికి వెళ్లడం అదే మొదలు. నా రిటైర్మెంటు సభకి ఆయన వచ్చాడు, వెనక వరసలో కూర్చుని భోజనం చేసి వెళ్లాడు. ఆయన్ని చూడటం అదే ఆఖరని అప్పుడు తెలియదు.

ఆయన భార్య వాకిట్లో వేరుశనగకాయలు వలుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, నేను అడగకముందే చెప్పింది. పోయినేడు వానాకాలం మొదట్లోనే పోయాడు. ఊపిరి సమస్య, రాయచూరు ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచారు. మా ఇంటికి నడిచి వచ్చేంత దూరంలోనే ఆ ఆస్పత్రి. మాకెందుకు కబురు చేయలేదమ్మా అని అడిగాను. నా నంబరు ఆయన ఫోనులో ఉండేదట, ఫోను పాడైందట. ఎవరినైనా పంపుదామంటే, రిటైరై ఇప్పుడిప్పుడే కూర్చున్నాడు, ఎందుకు తిప్పలు పెట్టడమని ఆయనే వద్దన్నాడట.

నేను మంచం అంచు మీద కూర్చున్నాను. బస్సులో కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికొచ్చేది లేదు. ఏదో అనాలి కాబట్టి, ఏటేటా మర్చిపోకుండా మమ్మల్ని చూడటానికి వచ్చేవాడు, మాకే రావడం కుదరలేదు అన్నాను.

ఆమె వింతగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. తెలిసినవాడికి తెలిసిన విషయమే మళ్లీ చెబుతున్నట్టు చెప్పింది.

"మిమ్మల్ని చూడనీకి పోతున్న అని ఎన్నడు అనలే అన్నా. నా నౌకరి ఎట్లున్నదో చూసొస్త అనేటోడు. బర్రెదూడను పెంచనీకి ఇంకోలింటికిస్తే, నడుమ నడుమ పోయి చూసొస్తరు గద, గట్ల. వచ్చినంక అంత చెప్పేటోడు. బూట్లు ఇచ్చిండ్రంట, మీద పట్టీ వడ్డదంట అని. నువ్వు దాన్ని తిట్టిన ఏడు మాత్రం ఇంటికొచ్చి బువ్వ తినలే. మంచిగ చూసుకుంటలేడు అని బాధపడె."

 ఆమె మళ్లీ కాయలు వలవడం మొదలుపెట్టింది. కొంచెంసేపటికి, ఆస్పత్రిలో ఆయన ఒకే సంగతి మాటిమాటికి అడిగేవాడని, తనకి తెలియక ఊరుకునేదని, నాకైతే తెలిసి ఉంటుందని చెప్పింది.

"నువ్వు రిటైరైనవు గద. మరి అదేమైతదన్నా, ఆ నౌకరి?"

నేను రిటైరైన రోజే ఆ పోస్టు తీసేశారు. పాత యూనిట్లకి కొత్తవాళ్లను వేయడం ఆపేసి, నేను చేసిన పనిని ముక్కలు చేసి కాంట్రాక్టుకి ఇచ్చారు. నా తర్వాత ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు.

"ఇంకొకరికి ఇచ్చారమ్మా. మీ వైపు కుర్రాడే. జాగ్రత్తగా చేసుకుంటున్నాడు" అన్నాను.

ఆమె చేతిలో కాయ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మంచిదాయె అని తలూపింది. ఇన్నేళ్లలో ఆ ఇంటికి నేను తీసుకెళ్లి ఇచ్చింది ఆ అబద్ధం ఒక్కటే.